నాలుగో నీరు

మేము బెల్టులు కొనం.
మూలకొత్తళం రైలు గేటు దాటాక
కార్పొరేషన్ బడి మేడ మీద
ముప్ఫై మందికి రంగులు మార్చేది నేనే.
తెల్లది పసుపులో మునుగుతుంది, పసుపుది పచ్చలో,
పచ్చది ఎప్పటికో కాఫీపొడి రంగులో.
గుడ్డ మాత్రం అదే.

పిల్లలు నన్ను సాయక్కా అంటారు.
అరవంలో సాయమంటే రంగు.
మా అమ్మ భాషలో సాయమంటే ఏమిటో
ఒకసారి డిల్లీబాబుకి చెప్పాను.
"రెండూ ఒకటేగా అక్కా" అన్నాడు,
ముడి ఊడిన బెల్టు నా చేతికిచ్చి.

నలభై రెండో ఏట చేరాను.
చాకలిపేటలో మా కొట్టు. నాలుగు గంగాళాలు,
జాకెట్టు గుడ్డకి చీర రంగు తెచ్చే పని,
మోచేతుల దాకా ఏదో ఒక రంగు.
మొదటిరోజు మాస్టరు "కతా" అంటే
కథ చెబుతాడేమో అని కింద కూర్చున్నాను.
ఆయన నవ్వలేదు. తణికాచలం మాస్టరు నవ్వడు.
హార్బర్లో ముప్ఫై ఏళ్ళు క్రేను నడిపిన మనిషి,
అన్నిటినీ పైనుంచి చూడడం అలవాటు.

పరీక్ష జాబితా అందరికీ ఆయనే రాస్తాడు.
నా పేరు దగ్గర మాత్రం గీత గీసి వదిలేశాడు.
"పట్టిందో లేదో నీకు తెలియదా?
అది నీ పనే కదమ్మా."

నిజమే.
గుడ్డని చూస్తే తెలీదు.
తడిగా ఉన్నంతసేపూ ప్రతి గుడ్డా సిద్ధంగానే కనిపిస్తుంది.
జాడించాలి.
మొదటి నీరు చిక్కగా పోతుంది, రెండోదీ దాదాపు అంతే,
మూడోది ఆశ పెడుతుంది.
నాలుగో నీటి అడుగున
నీ గోరు నీకు కనిపిస్తే
అప్పుడు ఆరెయ్.

పచ్చ బెల్టు కట్టి మూడేళ్ళు.
పెంకులు పగలగొట్టాను.
నా అరుపుకి పావురాలు లేచిపోతాయి.
నాతోపాటే చేరిన యువశ్రీ, పన్నెండేళ్ళ పిల్ల,
పోయినేడే ముదురు రంగుకి వెళ్ళిపోయింది.
ఆ బెల్టు ఉడికించింది నేనే.
వెలిసిపోకుండా గుప్పెడు ఉప్పు ఎక్కువే వేశాను.
అసూయ లేదని చెప్పను.

శనివారం మెట్రో నీళ్ళు రాత్రి మూడింటికి వచ్చాయి.
గంగాళం నిండేలోగా
కొట్టులో ఒక్కదాన్నే మొదలుపెట్టాను.
పదిహేడో అడుగు దగ్గర ఆగిపోయాను.
ఎడమకా? కుడికా?
మళ్ళీ మొదటినుంచి. మళ్ళీ పదిహేడు.
నీళ్ళు పొర్లి పాదాల కిందకి వచ్చాక తెలిసింది:
అక్కడ ఉండాల్సింది యువశ్రీ వీపు.
మూడేళ్ళుగా ఆ జడ ఎటు తిరిగితే అటు తిరిగాను,
అర లెక్క ఆలస్యంగా.
ఆ అర లెక్కని అరుపుతో కప్పాను.
ఎవరూ చూడలేదనుకున్నాను.
క్రేను మీద కూర్చున్నవాడు చూడకుండా ఉంటాడా?

నూనె పడిన చీరలు తెస్తారు కొందరు,
ముదురు రంగు మరకని మింగేస్తుందని.
మింగదమ్మా, అని తిప్పి పంపిస్తాను.
ఆరాక ఇంకా బాగా కనిపిస్తుంది.

ఆదివారం ముగ్గురి బెల్టులు సంచిలో పెట్టుకుని,
ఇంకా కాస్త చెమ్మ,
మేడ ఎక్కాను.
డిల్లీబాబు ఫారం, పెన్నూ పట్టుకొచ్చాడు.
మాస్టరు కనుబొమ్మ ఎత్తాడు.
"ఇంకా రెండో నీరే" అన్నాను.

పోయినేడు మోకాలు నొప్పి అన్నాను. అది భయం.
ఈసారీ అదేనా అని లోపల తడిమి చూసుకున్నాను.
కడుపులో ఏమీ కదల్లేదు.
అప్పుడడిగాను,
"ముందు వరుసలో నిలబడనా మాస్టరూ?"

ముందు ఎవరూ లేరు.
పిట్టగోడ, దాని మీద ఎవరిదో లుంగీ,
దాని వెనక వ్యాసర్పాడి వైపు పోతున్న రైలు.
పదిహేడు వచ్చింది.
అందరూ ఎడమకి తిరిగారు. నేను కుడికి.

నా వెనక ఒక పాదం,
చిన్నది, కొత్తది,
కుడికే వచ్చింది నాతో
అర లెక్క ఆలస్యంగా.